ఎనిమిది కుర్చీల సుషీ కొట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పిల్లల దగ్గరికి జపాన్ వెళ్లే అమ్మానాన్నలు, పనిమీద వెళ్లే కుర్రవాళ్లు మన రెండు జిల్లాల నుంచి రాసిన ఉత్తరాల్లో ఈసారి చాలా వరకు ఒక్క విషయం మీదే ఉన్నాయి. సందులో ఉండే చిన్న సుషీ (వెనిగర్ కలిపిన అన్నం, చేపలతో చేసే జపాన్ వంటకం) కొట్టుకు వెళ్తే ఎట్టా మసలుకోవాలి, ఏం తినొచ్చు, ఏం తినకూడదు అని. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉన్నాడు. ఏప్రిల్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. వాళ్ల సందులోనే ఎనిమిది కుర్చీల సుషీ కొట్టు ఉందట. మెనూలో ఇంగ్లీషు లేదు, కొన్నిటికి ధర కూడా రాసి లేదంటున్నాడు. వాడు ఆఫీసుకు పోయినప్పుడు మేమిద్దరమే వెళ్లి తినిరాగలమా? ఎంతవుతుంది? — ఒక పాఠకురాలు, కావలి

నిక్షేపంగా వెళ్లొచ్చమ్మా. మొదటిసారి మాత్రం మధ్యాహ్నం పూట వెళ్లండి. సాయంత్రం బేరం వేరు.

తలుపు మీద గుడ్డ తెర వేలాడుతుంటే కొట్టు తెరిచినట్టు. దాన్ని నోరెన్ అంటారు. తెర లోపలికి తీసేసి ఉంటే ఇంకా వంట సర్దుకుంటున్నారనో, మూసేశారనో అర్థం. మధ్యాహ్నం సుమారుగా పదకొండున్నర నుంచి రెండు దాకా ఉంటుంది. రెండింటికి మూసేవాళ్లు ఒకటిన్నరకే ఆర్డర్లు ఆపేస్తారు, కాబట్టి పన్నెండు లోపల చేరుకోండి. చేపల మార్కెట్ల చుట్టుపక్కల కొట్లకు ఆదివారం, చాలాసార్లు బుధవారం కూడా సెలవు.

లోపలికి వెళ్లగానే ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చోవద్దు. గుమ్మం దగ్గర నిలబడి రెండు వేళ్లు చూపించండి. ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చూపిస్తారు. ముందుగా చుట్టిపెట్టిన తడి తువ్వాలు ఇస్తారు. అది చేతులు తుడుచుకోవడానికే, మొహానికి వాడొద్దు.

ధర సంగతి. మధ్యాహ్నం చాలా కొట్లలో మూడు మెట్ల సెట్లు ఉంటాయి. నామి అంటే మామూలుది, జో అంటే దానికన్నా మేలైనది, తోకుజో అంటే అన్నిటికన్నా మేలైనది. ఒక్కో సెట్టులో ఏడెనిమిది నిగిరి ముక్కలు, ఒక చుట్ట (ఎండిన నాచు ఆకులో అన్నం పెట్టి చుట్టింది), సాధారణంగా మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారు) వస్తాయి. నిగిరి అంటే చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క. సందుల్లోని కొట్లలో నామి 1,000 నుంచి 2,000 యెన్లు, తోకుజో 3,000 చుట్టుపక్కల ఉండొచ్చు. సాయంత్రం ఒమాకసె అంటే ఏం పెట్టాలో వంటాయన ఇష్టానికే వదిలేయడం. దానికి మనిషికి 10,000 యెన్ల పైమాటే, పేరున్న చోట 30,000 కూడా దాటుతుంది. మొదటిసారి వేలు చూపించి "జో, రెండు" అనడమే సుఖం. రుచిలో తేడా తెలుస్తుంది, జేబుకు భారం కాదు.

మీ అబ్బాయి చెప్పిన ధర లేని చేపలు, అవి మోసం కాదు. గోడమీద పలక మీద 'జికా' అని ఉంటుంది, ఆ రోజు మార్కెట్ ధర అని అర్థం. సముద్రపు ముళ్లకాయ (సీ అర్చిన్ అనే ముళ్ల జీవి) గుడ్లు, పెద్ద ట్యూనా కొవ్వు ముక్క, ఆ సీజన్లో అరుదుగా వచ్చే పీతలు అట్టా ఉంటాయి. "ఇకురా దెస్ క" అని అడిగితే ఎంతో చెబుతారు, లేదా కాగితం మీద రాస్తారు. అడగడంలో తప్పేమీ లేదు. అడక్కుండా తిని, బిల్లు చూసి బాధపడటమే తప్పు. రాసిన ధరలో పన్ను కలిసిందో లేదో కూడా చూడాలి. అక్కడే కూర్చుని తింటే 10 శాతం, కట్టించుకుపోతే 8 శాతం. రాత్రిపూట కొన్నిచోట్ల కూర్చోగానే అడక్కుండానే ఒక చిన్న గిన్నె తెచ్చిపెడతారు. దాని పేరు ఒతోషి. బిల్లులో మూడు నాలుగు వందల యెన్లు దాని పేరున వస్తాయి. అది కుర్చీ ఖరీదు అనుకోండి.

చిన్న కొట్లలో కార్డు తీసుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనిషికి 5,000 యెన్ల నోటు జేబులో ఉంచుకోండి. టిప్పు ఇవ్వకండి. బల్లమీద చిల్లర వదిలి వస్తే వీధి దాకా వెంటబడి తిరిగి ఇస్తారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాం. ఎనిమిది కుర్చీలంటే ఒక మనిషి రెండు చేతులు. మీరు తినని వస్తువులు, మీకు పడనివి, మీరెంత ఖర్చు పెట్టగలరు అన్నది కూర్చోక ముందే, ఇంకా మంచిది ముందురోజే, మీ అబ్బాయి చేత చెప్పించండి. రాత్రి ఒమాకసెకైతే ఇది తప్పనిసరి. ఆ రోజుకు లెక్కపెట్టి చేపలు కొంటారు, అందుకే చెప్పిన వేళకు పది నిమిషాలు ఆలస్యమైనా ఎనిమిది మందికీ ఆలస్యమే. రాకపోతే డబ్బు కట్టమంటారు, అది న్యాయమే. ఇంకో సంగతి, ఆ ఇరుకు గదిలో ఘాటు సెంటు, అత్తరు వద్దు. మల్లెదండ కూడా ఆ పూటకు ఇంట్లో పెట్టి వెళ్లండి. వాళ్ల చేప వాసన చాలా సన్నం, దాన్ని ఇవి కప్పేస్తాయి.

ప్రశ్న: పుల్లలతో తినడం నాకు రాదు. చేత్తో తింటే నవ్వుతారా? సోయా సాస్‌లో ఎట్టా ముంచాలి? — ఒక పాఠకుడు, ఒంగోలు

నవ్వరు సార్. నిగిరి చేత్తో తినడం వాళ్ల పద్ధతే. పుల్లలతో తినేవాళ్లూ ఉన్నారు, రెండూ సరైనవే. పచ్చి చేప ముక్కలు విడిగా వస్తే, అంటే సాషిమి, వాటికి మాత్రం పుల్లలు వాడతారు.

మనం పప్పన్నం కలిపి ముద్ద చేసినట్టు ఇక్కడ కలపకూడదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో ముక్కను పక్కల నుంచి పట్టుకోండి. దాన్ని పక్కకు పడుకోబెట్టి, చేప అంచు మాత్రం సోయాకు తగిలేలా తిప్పి, అంతే, ఒక్క తాకు. అన్నం వైపు ముంచితే రెండు నష్టాలు. అన్నం స్పంజిలా సోయాను పీల్చేసుకుని ఉప్పగా అయిపోతుంది, పైగా గింజలు విడిపోయి గిన్నెలో పడిపోతాయి. ఆ ముద్దను గాలి ఆడేలా వదులుగా ఒత్తి ఉంటారు, నోట్లో పెట్టగానే విడిపోవాలని. ఒక్క ముక్క ఒకే కాటు. కొరికి సగం పళ్లెంలో పెడితే అది నిలవదు.

సముద్రపు నాచు గోడ కట్టి పైన గుడ్లు పోసిన ముక్కలు తిప్పడానికి వీలుకాదు. వాటికి అల్లం ముక్కను సోయాలో తడిపి పైన అద్దండి. ఇక ఆ పుల్లటి అల్లం, గారి అంటారు, ఒక చేప తిని మరో చేపకు పోయే మధ్యలో నోరు కడుక్కోవడానికి. చేపమీద పెట్టుకుని కలిపి తినేది కాదు. వంటాయన ముందే బ్రష్‌తో సాస్ పూసి ఇచ్చిన ముక్కకు మళ్లీ సోయా అక్కర్లేదు.

వసాబి, అంటే ఆ ఆకుపచ్చటి ఘాటు ముద్ద, సంగతికొస్తే, చాలా కొట్లలో అన్నానికీ చేపకూ మధ్య ముందే రాస్తారు. వద్దనుకుంటే "సాబి నుకి" అనండి. చాలాచోట్ల దొరికేది గుర్రపు ముల్లంగికి (హార్స్‌రాడిష్ అనే వేరే దుంప) ఆకుపచ్చ రంగు వేసింది. అసలు వసాబి దుంపను అప్పటికప్పుడు తురుముతారు. తురిమిన పావుగంటలోనే దాని ఘాటు పోతుంది, అందుకే ముందే తురిమి పెట్టరు. మన కారం నాలుక మీద నిలిచి మండితే, ఇది ముక్కులోకి ఎక్కి రెండు క్షణాల్లో దిగిపోతుంది. అంతసేపూ ఓపిక పట్టి ముక్కుతో గాలి వదలండి, నీళ్లు తాగినందువల్ల తగ్గదు.

ముక్క పెట్టిన వెంటనే తినేయండి. ఫోటో తీయాలంటే అడిగి, ఒకటి తీసి, తినేయండి. అన్నం ఒంటి వేడితో ఉన్నప్పుడే రుచి, నాచు నిమిషంలో మెత్తబడిపోతుంది.

ప్రశ్న: మా అమ్మ గుడ్డు కూడా తినదు. ఒసాకాలో నాలుగు రోజులు ఉంటాం. సుషీ కొట్లో ఆమెకు ఏదైనా దొరుకుతుందా? — ఒక పాఠకుడు, నెల్లూరు

దొరుకుతుంది. కానీ కంటికి శాకాహారంగా కనిపించేవే ఎక్కువ మోసం చేస్తాయి. కారణం దాషి అనే చారు. ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, చెక్కలా ఎండబెట్టి, దాన్ని చిత్రిక పట్టి ఆ పేళ్లను వేడినీళ్లలో వేస్తే వచ్చేదే అది. మన సాంబారులో ఇంగువ ఎట్టా కనపడకుండా కలిసిపోతుందో, వాళ్ల వంటల్లో దాషి అట్టా కలిసి ఉంటుంది.

సుషీ అన్నంలో మామూలుగా వెనిగర్, చక్కెర, ఉప్పు వేస్తారు. కొందరు కొంబు అనే నాచు ముక్క వేసి ఉడికిస్తారు, అది మొక్క జాతే. కాబట్టి అన్నంతో చాలావరకు ఇబ్బంది లేదు, వెనిగర్‌లో దాషి కలిపారేమో మాత్రం అడగండి. కీరా చుట్ట, కప్పా మాకి, ఆమెకు పెట్టొచ్చు. ముల్లంగి ఊరగాయ చుట్ట, షింకో మాకి, చాలావరకు సరే, ఊరబెట్టిన దాంట్లో చేప రసం ఉందేమో ఒకసారి అడగాలి. ఉమె అనే ప్లమ్ జాతి పుల్లటి పండు చుట్టలో కొన్ని చోట్ల ఉప్పులో ఊరిన పండుతోపాటు చేప పేళ్లు కలుపుతారు. నత్తో, అంటే పులిసిన సోయా గింజలు, మొక్కదే. పొట్లంతో వచ్చే సాస్‌లో దాషి ఉంటుంది, అది వేయొద్దని చెప్పాలి. ఆ జిగురు, ఆ వాసన మొదటిసారికి కష్టం, అది కూడా చెప్పి పెట్టండి.

ఎండిన సొరకాయ చుట్ట కాంప్యో మాకి, తీయటి టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) సంచిలో అన్నం పెట్టిన ఇనారి, ఈ రెండూ చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. రెండింటినీ చాలాచోట్ల దాషిలోనే ఉడికిస్తారు. అమ్మగారికి పెట్టకండి. మిసో సూప్ కూడా వద్దు, అందులోనూ దాషి ఉంటుంది. ఆవకాడో చుట్టలో మయోనీస్ వేస్తే గుడ్డు ఉన్నట్టే.

ఒక కాగితం మీద మీ వాళ్ల చేత జపనీస్‌లో రాయించి తీసుకెళ్లండి. నోటితో చెప్పేందుకు ఈ మాట చాలు: "సకానా, నికు, తమాగో, దాషి, జెంబు తబెరారెమాసెన్." చేప, మాంసం, గుడ్డు, దాషి, ఏవీ తినలేను అని అర్థం. "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి, ఆ మాటకు దాషి పరవాలేదనే వాళ్లూ ఉంటారు.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. చిన్న కొట్లో కత్తి ఒకటే, చెక్క పీట ఒకటే, చేప ముట్టిన చేయి అదే. అమ్మగారు ఆ పట్టింపున్నవారైతే చిన్న కొట్టుకు తీసుకెళ్లి ఇబ్బంది పెట్టడం కన్నా, పెద్ద సూపర్ మార్కెట్లో కీరా చుట్టలు విడిగా కట్టినవి కొని ఇంట్లో పెట్టడం మేలు. ఆ పట్టింపు లేకపోతే ముందురోజు చెప్పి వెళ్లండి. అప్పుడు పీట కడిగి, ఆమె చుట్టలు ముందుగా చేసి పెట్టే వంటాయన దొరకొచ్చు.

ప్రశ్న: మా ఊరి తీరాన పొద్దున బోటు దిగిన చేప ఇంకా కొట్టుకుంటూ ఉంటుంది. అంత తాజా చేప జపాన్లో కూడా దొరకదేమో. కానాగంతను పచ్చిగా కోసి నిమ్మరసం పిండి తింటే ఏమవుతుంది? పులుపు పడితే ఉడికినట్టే కదా? — ఒక పాఠకుడు, కొత్తపట్నం

వద్దు తమ్ముడూ. ఈ ఒక్కటీ జాగ్రత్తగా చదువు, తోటివాళ్లకూ చెప్పు.

తాజాదనం వేరు, పచ్చిగా తినడానికి పనికిరావడం వేరు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు పిల్లలు ఉండొచ్చు. కానాగంత, కవ్వళ్లు, స్క్విడ్ లాంటివాటిలో జపాన్లోనూ ఇదే పెద్ద తలనొప్పి. తెల్లటి దారం ముక్కలా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది, చుట్ట చుట్టుకుని పేగుల చుట్టూ ఉంటుంది. చేప చచ్చాక పేగు నుంచి కండలోకి వెళ్లిపోతుంది, అందుకే కొట్టుకునే చేప కడుపును వెంటనే తీసేయమంటారు. ఆ పురుగు మన కడుపులోకి పోతే కొన్ని గంటల్లోనే పొట్ట పైభాగంలో మెలిపెట్టే నొప్పి వస్తుంది. ఎండోస్కోపీతో తీయాల్సి వస్తుంది.

వెనిగర్, నిమ్మరసం, చింతపులుసు, ఉప్పు, వసాబి, ఇవేవీ దాన్ని చంపవు. పులుపు తగిలితే కండ తెల్లబడుతుంది, అంతే. అది ఉడకడం కాదు. ఉడకడమంటే మధ్యలో కూడా 60 డిగ్రీలకు పోయి ఒక నిమిషం నిలవాలి. లేదంటే మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు పూర్తిగా గడ్డకట్టాలి, జపాన్ ఆరోగ్య శాఖ చెప్పే లెక్క ఇది. మన ఇంటి ఫ్రిజ్ పైగది మైనస్ 18 అని రాసినా, తలుపు తీసినప్పుడల్లా పైకి వస్తుంది, ముక్క లావుగా ఉంటే లోపలి దాకా చలి పోదు. దాన్ని నమ్ముకోవద్దు.

జపాన్లో గడ్డకట్టించడం అంటే చేపకు చిన్నతనం కాదు. దూర సముద్రంలో పట్టిన పెద్ద ట్యూనాలను ఓడలోనే మైనస్ 60 డిగ్రీల్లో పెడతారు. అక్కడి సుషీలో వచ్చే ట్యూనాలో చాలా భాగం అట్టా వచ్చిందే. సుషీలో పచ్చిగా పెట్టే సాల్మన్ ఎక్కువగా పెంపకపు చేప, గుళికల మేత తింటుంది కాబట్టి ఈ పురుగు అరుదు. చెరువు చేప, నది చేప, ఏది చెప్పినా సరే, పచ్చిగా ముట్టుకోవద్దు. వాటిలోని పురుగులు వేరు, కొన్ని కాలేయానికి చేరతాయి.

రెండోది వేడిమి. కానాగంత, తూర, కవ్వళ్లలాంటి ముదురురంగు కండ చేపలు ఎండలో నాలుగు గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం చేరుతుంది. తర్వాత వండినా పోదు. మొహం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి. బోటులో ఐసు సరిపోలేదని తెలిసిన చేపను పులుసుకు కూడా వాడొద్దు.

గర్భిణులు, చిన్నపిల్లలు, కాలేయ జబ్బున్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు జపాన్లోనైనా పచ్చి చేప తినకూడదు. వాళ్లకు ఉడికించిన రొయ్య, సాస్ పూసి కాల్చిన సముద్రపు పాము చేప, కీరా చుట్ట ఉన్నాయి. అక్కడ తిన్నాక కడుపులో తట్టుకోలేని నొప్పి వస్తే 119కు (అక్కడి అంబులెన్స్ నంబరు) ఫోన్ చేసి, ఏ చేప, ఏ వేళ తిన్నారో డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: నెల్లూరు మొలగొలుకులు, మా చెరువు రొయ్యలతో ఇంట్లో సుషీ చేసేదెట్టా? — ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

రొయ్య బ్రహ్మాండంగా కుదురుతుందమ్మా. మొలగొలుకులు మాత్రం కుదరవు. వాటి గొప్పతనమే గింజకు గింజ విడిపోవడం. ఇక్కడ గింజలు ఒకదానికొకటి అతుక్కోవాలి, మెత్తని ముద్ద కాకూడదు. పొట్టిగా, గుండ్రంగా ఉండే జపనికా రకం బియ్యమే కావాలి.

300 గ్రాముల బియ్యాన్ని నీళ్లు తేటబడేదాకా నాలుగైదు సార్లు కడిగి, వడగట్టి, 360 మి.లీ. నీళ్లలో అరగంట నానబెట్టండి. మందపాటి గిన్నెలో మూతపెట్టి ఉడుకు రానిచ్చి, సన్నటి మంట మీద 12 నిమిషాలు, ఆపేసి మూత తీయకుండా మరో 12 నిమిషాలు. మూత తీస్తే పైగింజలు పలుకుగా మిగిలిపోతాయి. ఈలోగా 50 మి.లీ. బియ్యపు వెనిగర్, 20 గ్రాముల చక్కెర, 5 గ్రాముల ఉప్పు వేడిచేసి కరిగించండి, కాగనివ్వకండి. మామూలు తెల్ల వెనిగర్ వాడితే మూడోవంతు నీళ్లు కలపండి, లేకపోతే గొంతు పట్టుకుంటుంది. వెడల్పాటి పళ్లెంలో వేడి అన్నం పరచి, దీన్ని చిలకరించి, అట్లకాడతో కోసినట్టు కలపండి, గుండ్రంగా తిప్పకండి. ఒకరు విసనకర్రతో విసురుతుంటే గింజ మెరుస్తుంది. తడిగుడ్డ కప్పి రెండు మూడు గంటల్లో వాడేయాలి. ఫ్రిజ్‌లో పెడితే గింజ రాయిలా గట్టిపడుతుంది.

రొయ్యలు 30 కౌంటువి తీసుకోండి. తల తీసి, పెంకు వొలవకముందే పొట్టవైపు, పెంకుకూ కండకూ మధ్య, వెదురు పుల్లను తోక దాకా గుచ్చండి. పుల్ల లేకపోతే వేడినీళ్లలో పడగానే రొయ్య ముడుచుకుపోతుంది, అన్నం మీద పడుకోదు. ఉప్పు నీళ్లలో, చిన్నగా ఉడుకుతుంటే, రెండు మూడు నిమిషాలు. వెంటనే ఐసు నీళ్లలో వేయాలి, లేకపోతే రబ్బరులా సాగుతుంది. చల్లారాక పుల్లను గుండ్రంగా తిప్పుతూ లాగితే చీలకుండా వస్తుంది. తోక ఉంచి పెంకు తీసి, పొట్టవైపు సగానికి పైగా కోసి పుస్తకంలా తెరిచి, నల్లటి పేగు నరం తీసేయండి.

వెనిగర్ కలిపిన నీళ్లతో అరచేయి తడి చేసుకోండి, బొత్తిగా ఎక్కువ తడి వద్దు. 15 నుంచి 20 గ్రాముల అన్నం తీసుకుని రెండు వేళ్లతో మూడుసార్లు ఒత్తి, తిప్పి, మళ్లీ ఒత్తితే చాలు. సున్నుండ బిగించినట్టు బిగిస్తే గట్టి ముద్దవుతుంది. అందరికీ మొదటిసారి జరిగే పొరపాటు ఇదే.

ప్రశ్న: పిల్లలతో కలిసి ఎనిమిదిమందిమి వెళ్తున్నాం. చిన్న కొట్లో పడతామా? — ఒక పాఠకుడు, కందుకూరు

పట్టరు, వెళ్లకండి. ఆ ఎనిమిది కుర్చీలూ మీరే అయినా పిల్లలకు సుఖం ఉండదు. బెల్టు మీద పళ్లేలు తిరిగే కొట్టుకు వెళ్లండి. ఈ పద్ధతి 1958లో ఒసాకాలోనే మొదలైంది. పళ్లెం రంగును బట్టి ధర, చివర్లో పళ్లేలు లెక్కపెట్టి బిల్లు. ఇప్పుడు చాలాచోట్ల బెల్టు మీద సరుకు తక్కువ, బల్లమీది తెరలో వేలు నొక్కితే ముక్క తిన్నగా మీ ముందుకు వస్తుంది. తెరలో ఇంగ్లీషు, బొమ్మలు కూడా ఉంటాయి. తీసిన పళ్లేన్ని తిరిగి బెల్టు మీద పెట్టకూడదు.

బల్ల అంచున నల్లటి మీట, దానికింద చిన్న కుళాయి కనిపిస్తుంది. పిల్లలు అది చేతులు కడుక్కునేది అనుకుంటారు. మీటను కప్పుతో నొక్కితే మరిగే నీళ్లు పడతాయి. పక్కన డబ్బాలో ఆకుపచ్చ పొడి, అది టీ. కప్పులో చిన్న చెంచా పొడి వేసి, కప్పునే మీటకు ఆనించి నొక్కాలి. కూర్చున్న వెంటనే కుళాయి పక్కన ఉన్న కుర్చీలో పెద్దవాళ్లు కూర్చుని, పిల్లలను అవతలి వైపు కూర్చోబెట్టండి.